సిమ్ లేని పలక

కాజీపేటలోని ఆ ఇంట్లో గడియారం కన్నా కుక్కర్ మాటకే విలువెక్కువ. మూడో కూతకు శాంసన్ స్నానం అయిపోవాలి, నాలుగో కూతకు వాళ్లమ్మ సువార్తమ్మ ప్రార్థన అయిపోవాలి. ఆ రోజు నాలుగో కూత పడింది, స్టవ్ ఆగింది, పప్పులో తాలింపు కూడా పడింది. సువార్తమ్మ మాత్రం కళ్లు తెరవలేదు. దేవుడితో ఏదో గట్టి బేరంలో ఉన్నట్టు కనుబొమలు ముడిచి కూర్చుంది.

నిజానికి ఆమె అడుగుతున్నది ఒక్కటే. ప్రభువా, నా కొడుకు నా మాట వినేటట్టు చెయ్యి, వినకపోతే వినేదాకా నాకు ఓపికియ్యి. ముప్పై నాలుగేళ్లు సర్కారు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఉన్న ఓపికంతా అక్కడే అయిపోయింది. ఇక కొత్తగా దేవుడే ఇవ్వాలి.

"అత్తమ్మా, జర ఆమేన్ అనుండ్రి. ఉప్మా సల్లారుతాంది," అంది కోడలు షారోన్ వంటింట్లోంచి.

ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి బల్ల మీద నల్లటి పలక ఒకటి కనిపించింది. చిన్నపిల్లల పలకంతే ఉంది. షారోన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి దాన్ని అత్తగారి చేతిలో పెట్టింది. షారోన్ ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. మాట తక్కువ, పని ఎక్కువ.

"మా హెడ్ సిస్టర్‌ది. రెండు రోజులు వాడి చూడుమని ఇచ్చింది. ఈ-రీడర్ అంటరు దీన్ని. ఫోన్ లెక్క కండ్లల్లకు వెలుగు కొట్టది. అక్షరాలు మీకెంత కావాలంటే అంత పెద్దగ పెట్టుకోవచ్చు."

సువార్తమ్మ ముందు నమ్మలేదు. పోయిన ఏడాది రెండు కళ్లకూ ఆపరేషన్ చేశారు, పొర పోయింది. కానీ పొర వెనక నరం ఎండిపోతోందని, దానికి మందు లేదని డాక్టర్ చెప్పాడు. అప్పటి నుంచి పేపర్‌లో అక్షరాలు చీమల బారే. ఫోన్ చూస్తే నీళ్లు కారతాయి. ఆమె పలకను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. షారోన్ వేలితో రెండుసార్లు నొక్కింది. అక్షరాలు అరంగుళం ఎత్తు లేచాయి. తెల్లటి కాగితం మీద నల్లటి తెలుగు. తలకట్టు తలకట్టులా, కొమ్ము కొమ్ములా కనిపిస్తోంది.

ఆమె ఒక వాక్యం లోపలే చదివింది. రెండో వాక్యం పైకి చదివింది. మూడో వాక్యానికి గొంతు బడి గొంతయిపోయింది. నాలుగోదానికి కళ్లలో నీళ్లు తిరిగాయి, అది ఈసారి వెలుగు వల్ల కాదు.

"చూసినవా!" అన్నాడు శాంసన్ సంబరంగా, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. రైల్వేలో టెక్నీషియన్ అతను, ఇంట్లో కూడా ప్రతిదానికీ స్పానర్ పట్టుకొచ్చే రకం. "ఆదివారం నీ పుట్టినరోజుకు ఇసొంటిదే కొత్తది కొంటానమ్మా. రాత్రే అన్ని చూసిపెట్టిన. రెండు రకాలున్నయి. ఒకటి వైఫైతోటి నడుస్తది. ఇంకోటి సిమ్ ఏసేది, ఎక్కడున్నా నెట్ వస్తది. మనకు వైఫైది సాలు."

"నాకు సిమ్‌దే కావాలె," అంది సువార్తమ్మ పలక మీంచి కళ్లు ఎత్తకుండానే.

"ఎందుకమ్మా? ఇంట్ల వైఫై ఉన్నది. సిమ్‌ది మన్నిక తక్కువంటాండ్రు, బ్యాటరీ తింటదంటాండ్రు. ఇంట్ల కూసోని చదువుకునెటోళ్లకు సిమ్ ఎందుకు? నువ్వు ఎటు పోతవని?"

ఎటు పోతవని! ఆ మాట సువార్తమ్మకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పలకను బల్ల మీద పెట్టేసింది. ఉప్మా ప్లేటును కూడా జరిపేసింది.

ఆమె ఎటు పోతుందో తెలియని వాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. పదేళ్లుగా బుధవారం, శనివారం మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆమె కాశిబుగ్గలో ఉండేది. అక్కడి బడిలోనే ఆమె ఉద్యోగమంతా గడిచింది. రిటైరైన కొత్తలో ఒకరోజు పాత శిష్యుడు కట్టయ్యను చూడ్డానికి జంపఖానలు నేసే షెడ్డుకు వెళ్లి, సంచిలో ఉన్న వారపత్రికలోంచి ఒక కథ చదివి వినిపించింది. అంతే, అది ఆనవాయితీ అయిపోయింది. పదమూడు మంది పనివాళ్లు. మగ్గాలు నడుస్తూనే ఉంటాయి, నూలు కండెలు చుడుతూనే ఉంటారు, ఆమె చదువుతూనే ఉంటుంది. కథ పాకాన పడితే మాత్రం మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. అన్ని మగ్గాలూ ఆగిన రోజున ఆమెకు రాత్రి అన్నం సహించేది కాదు, అంత సంతోషం.

వారపత్రికలు పోయాక కథలు ఫోన్లలోకి వచ్చాయి. ఒక సైట్‌లో వచ్చే సీరియల్‌ను షారోన్ ప్రింటు తీసి ఇచ్చేది. కళ్లు మందగించినకొద్దీ ప్రింటులో అక్షరాలు పెద్దవయ్యాయి, కాగితాల కట్ట లావైంది. చివరికి ఆ పెద్ద అక్షరాలూ అలికినట్టయ్యాయి. అయినా ఆమె వెళ్లడం మానలేదు. ఇంట్లో షారోన్ చేత నాలుగుసార్లు చదివించుకుని, బట్టీపట్టి, అక్కడ కాగితం చూస్తున్నట్టు నటించి అప్పజెప్పేది. అరవై ఏడేళ్ల వయసులో హోంవర్కు!

కథ మధ్యలో ఆగిన రోజున షెడ్డులో ఒక పని చేసేవాళ్లు. కట్టయ్య మగ్గం గుంజకు ఆకుపచ్చ దారం ఒకటి కట్టేవాళ్లు. కథ నడుస్తోందని దానికి అర్థం. మళ్లీ టీచరమ్మ వచ్చి తన చేత్తో విప్పితేనే తరువాతి భాగం మొదలు.

ఇదంతా పరకాల బస్సుతో ఆగిపోయింది.

రెండు నెలల కిందట హన్మకొండ బస్టాండులో బస్సు మారుతూ, ఎప్పుడూ ఎక్కే చోటే ఎక్కింది ఆవిడ. బస్సులు ఆగే చోట్లు మార్చారని ఆమెకు తెలియదు. బోర్డు కనిపించలేదు. పక్కన జనం ఉన్నారు, అడగొచ్చు. కానీ ఊరందరికీ అక్షరాలు దిద్దించిన మనిషి, "ఆ బోర్డు మీద ఏముంది బిడ్డా" అని ఎట్లా అడుగుతుంది? నోరు రాలేదు. ఆడవాళ్లతో బస్సు కిటకిటలాడుతోంది. కండక్టర్ ఆమె దాకా వచ్చేసరికి బస్సు ఊరు దాటింది. "ఎక్కడికమ్మా?" అన్నాడు. కిటికీలోంచి పత్తి చేలు కనిపించాయి. తప్పెక్కానని చెబితే సరిపోయేది. సువార్తమ్మ తల ఎత్తి, "పరకాల," అంది!

పరకాలలో ఆమెకు చుట్టం లేడు, పక్కం లేడు. బస్టాండు బెంచీ మీద కూర్చుంది. ఫోన్‌లో చార్జింగ్ లేదు. సాయంత్రం ఎవరో పుణ్యాత్ముడి ఫోన్ నుంచి కబురు వచ్చి శాంసన్ బండి మీద వచ్చేసరికి ఆమె అదే బెంచీ మీద, సంచీ ఒళ్లో పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉంది. "ఊరికే, పరకాల చూద్దామని వచ్చిన," అంది.

ఆ రోజు నుంచి బస్సు బంద్.

"పదేండ్లు పోయిన. ఎన్నడన్న తప్పిపోయిన్నా?" అంది ఇప్పుడు సువార్తమ్మ.

"మరి పరకాల ఏంది?"

"పోవాలనిపించింది, పోయిన."

"అమ్మా!" శాంసన్ గొంతు లేచింది. "ఐదు గంటలు తిరిగిన నేను. నీ ఫోన్ స్విచాఫ్. పోలీస్ స్టేషన్‌కు పోయిన, దవాఖానలన్ని తిరిగిన. ఒక దవాఖానల ముసలామెను ఎవరో తెచ్చిండ్రంటే, ముఖం మీద గుడ్డ తీసి చూసిన నేను. నీకేం తెలుసు నా బాధ? ఇగ నువ్వు ఎటు పోవద్దు. ఇంట్ల ఫ్యాన్ కింద కూసో, నీకెన్ని పుస్తకాలు కావాలంటే అన్ని తెప్పిస్త. బయటి ఫికర్ నీకెందుకు?"

ముఖం మీద గుడ్డ తీసిన సంగతి అతను అంతవరకూ చెప్పలేదు. సువార్తమ్మ గుండె ఒక్క క్షణం కలుక్కుమంది. కానీ పంతం కూడా అక్కడే కాపురముంటుంది, అది ముందు లేచింది.

"అంటే ఈ పలక నేను చదువుకునెతందుకు కాదు, నన్ను కట్టేసెతందుకు. వైఫై ఎక్కడిదాకా అందితే నాకు తాడు అంత పొడుగు. గంతేనా కొడుకా?"

శాంసన్ డ్యూటీకి సర్దుకోబోయాడు. టిఫిన్ డబ్బా మూత పెట్టబోతే అది పట్టలేదు. మళ్లీ పెట్టాడు, మళ్లీ పట్టలేదు.

"నాకు ఏ పలకా వద్దు," అంది సువార్తమ్మ లేస్తూ. "పుట్టినరోజు సుత వద్దు."

"జర ఆగుతరా ఇద్దరు!" షారోన్ గరిటె బల్ల మీద కొట్టింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా వినిపించడం అదే మొదలు. "రేపు శనివారం మీకు వీక్లీ ఆఫే కద. అత్తమ్మను బండి మీద కాశిబుగ్గకు తీసుకపోండ్రి. ఈ పలక సుత తీసుకపోండ్రి. ఆడ నెట్ అవసరం పడ్తే సిమ్‌ది కొందాం. పడకపోతే వైఫైది కొందాం. అయిపాయె! దీనికింత పంచాయితీనా?"

శాంసన్ అమ్మ వైపు చూశాడు. అమ్మ గోడ వైపు చూసింది.

"ఒక్కసారే," అన్నాడు.

"ఒక్కసారే," అంది సువార్తమ్మ. అనేసింది గానీ, ఆ ఒక్కసారిని తలుచుకుంటేనే ఆమెకు దడ పట్టుకుంది. రెండు నెలలు. ఆ షెడ్డులో అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఆ సీరియల్ ఆ సైట్‌లో వారం వారం వస్తూనే ఉంది. ఈపాటికి ఎవరికి వాళ్లు చదివేసుకుని, దారం విప్పి పారేసి ఉంటారు. తను వెళ్తే మర్యాదకు వింటారు. మర్యాదకు వినేవాళ్లకు చదవడం కన్నా పాపం ఇంకోటి ఉందా?

ఆ సాయంత్రం షారోన్ ఆమెకు పని నేర్పింది. సైట్‌లో భాగాన్ని ఎంచుకుని ఇదిగో ఇక్కడ నొక్కితే అది పలకలోకి వచ్చేస్తుంది. "నేను ఎక్కిస్త తీయండి అత్తమ్మా," అంది.

"నాకు చాతకాదా?" అంది సువార్తమ్మ. "పో, నువ్వు కూర చూసుకో." ఇంట్లో ఉన్న పాత ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని, కారే కళ్లు తుడుచుకుంటూ తనే నొక్కింది. పలకలోకి ఏదో వచ్చింది. మొదటి పేజీ చూసుకుని తృప్తిగా మూసేసింది.

మర్నాడు మధ్యాహ్నం బండి కాశిబుగ్గ సందులోకి తిరుగుతుండగానే మగ్గాల చప్పుడు వినిపించింది. టకటక, టకటక. సువార్తమ్మ కొడుకు భుజం గట్టిగా పట్టుకుంది. షెడ్డు తలుపు దగ్గర కండెలు చుడుతున్న సమ్మమ్మ ముందు చూసింది. ఆమెకూ అరవై దాటాయి, చూపు మాత్రం గద్దచూపు.

"ఓ కట్టన్నా! టీచరమ్మ వచ్చింది! వచ్చింది రో!"

మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. కథ మొదలు కాకముందే మగ్గాలు ఆగడం పదేళ్లలో ఎప్పుడూ లేదు. కట్టయ్య మగ్గం గుంతలోంచి లేచి, తల మీద దూది దులుపుకుంటూ పరుగున వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చేతులు కట్టుకుని ఐదో తరగతి పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఎటు పోయినవు టీచరమ్మా? రెండు నెలల సంది ఆ లారీ ఘాట్ రోడ్డు మీదనే ఉన్నది!"

శాంసన్‌కు అర్థం కాలేదు. "ఏ లారీ?" అన్నాడు.

"అదే తమ్మీ, కథల లారీ," అంది సమ్మమ్మ. "ఆ పిల్ల లారీ నడుపుతది కద. పందొమ్మిదో భాగంల బ్రేకులు ఫెయిలైనయి. లారీ కిందికి ఉరుకుతాంది. ఆడ ఆగింది. మాకు ఇయ్యాలటి దాంక నిద్ర లేదు."

సువార్తమ్మ కళ్లు మసకలో కట్టయ్య మగ్గం గుంజను వెతుక్కున్నాయి. రంగు తెలియలేదు. చేయి చాచి తడిమింది. దారం ఉంది. కట్టిన ముడి కట్టినట్టే, దుమ్ము పట్టి, గట్టిగా.

శాంసన్ మాత్రం టెక్నీషియన్ కదా, లెక్క తేలందే ఊరుకోడు. "మీ ఫోన్లల్ల ఆ సైట్ రాదా పెద్దమ్మా?"

"ఎందుకు రాదు? అందరి ఫోన్లల్ల వస్తది. ఇగో, ఇరవై ఏడో భాగం దాంక వచ్చిందట."

"మరి చదువుకోలేదా?"

సమ్మమ్మ అతన్ని పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "దారం ఉన్నది కద తమ్మీ."

శాంసన్ మనసులోనే లెక్క వేశాడు. పదమూడు మంది, పదమూడు ఫోన్లు, రెండు నెలలు. వేలితో ఒక్కసారి నొక్కితే తెలిసిపోయే సంగతిని ఎవరూ నొక్కకుండా, దారం ముడి కేసి చూస్తూ కూర్చున్నారు. అతను గోడ పక్క నూలు మూట మీద మెల్లగా కూర్చుండిపోయాడు.

సువార్తమ్మ దారం విప్పింది. ఎప్పటి స్టూలు మీద కూర్చుని, పలక తెరిచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. పెద్ద అక్షరాలు. బట్టీపట్టింది కాదు, నటన కాదు, నిజంగా చదువుతోంది. రెండు వాక్యాలు అయ్యాయో లేదో, షెడ్డులో ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"టీచరమ్మా," అంది సమ్మమ్మ నొచ్చుకుంటూ. "ఇది... మనం విన్నదే కద. ఆమె ధాబా కాడ రొట్టె తినుడు. పద్దెనిమిదో భాగం."

సువార్తమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పేజీ తిప్పింది, మళ్లీ తిప్పింది. పద్దెనిమిదే. షారోన్ ఎక్కిస్తానంటే చాతకాదా అని తోసేసింది. ఇప్పుడు పదమూడు మంది ముందు ఆ చాతకానితనం బయటపడింది. కొడుకు చూస్తున్నాడు. "ఇంట్ల కూసో అన్న కద" అని అతను అనకపోయినా ఆమెకు వినిపించింది. సిమ్ ఉంటేనా! ఎవరినీ అడగకుండా ఇక్కడే, ఇప్పుడే తెచ్చుకునేది కదా!

ఎవరినీ అడగకుండా. ఆ మాట లోపల అనుకోగానే ఆమెకు పరకాల బస్టాండు బెంచీ గుర్తొచ్చింది. ఆ రోజు కూడా ఎవరినీ అడగకుండానే కదా అంత దూరం వెళ్లింది! చుట్టూ ఇంతమంది. ఒక్క మాట. ఆమె పెదవులు తడుపుకుంది. ముప్పై నాలుగేళ్లలో పిల్లలను వేల ప్రశ్నలు అడిగింది గానీ, తనకు తెలియక, తనకు చేతకాక అడిగింది ఒక్కటీ లేదు.

"నాకు..." పలకను ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ అంది. "నాకు కండ్లు సరిగ కనిపిస్తలేవు బిడ్డా. తప్పు భాగం తెచ్చిన. మీలో ఎవరి ఫోన్ల నెట్ ఉన్నది? జర నాకియ్యుండ్రి."

అంతే. షెడ్డంతా కదిలింది. రవిక లోపలి నుంచి, చొక్కా జేబుల నుంచి, మగ్గం పక్క గూళ్ల నుంచి ఫోన్లు బయటికి వచ్చాయి. "నాది తీసుకో టీచరమ్మా!" "నాదాంట్ల ఇయ్యాల్నే రీచార్జ్ చేసిన!" "వాడిది స్లో ఉంటది, నాది పెట్టు!" హాట్‌స్పాట్ ఆన్ చేయడం సగం మందికి తెలుసు, మిగతా సగానికి సమ్మమ్మ చేసి పెట్టింది. ఆమెకు మనవరాలు నేర్పిందట.

పలక మీద ఒక పట్టీ తేలింది, దగ్గరలో ఉన్న నెట్‌ల పేర్లు. అందరూ తమ ఫోన్లకు తమ పేర్లే పెట్టుకున్నారు. పెద్ద పెద్ద అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి. సువార్తమ్మ దాన్ని చూసింది. అలాంటి పట్టీ ఆమె ముప్పై నాలుగేళ్లు ప్రతి పొద్దునా చూసింది. చూపుడువేలు దానంతట అదే మొదటి పేరు మీదికి పోయింది.

"కట్టయ్య!" అని చదివింది.

"ఉన్న టీచరమ్మా!" అన్నాడు కట్టయ్య ఠక్కున, చేయెత్తి.

షెడ్డు గొల్లున నవ్వింది. ఆమె ఆగలేదు. "సుగుణ!"

"ప్రెజెంట్ టీచర్!"

"రాజేశ్వర్!"

"ఉన్న!"

"సమ్మమ్మ!"

"నేను బడికే పోలేదు టీచరమ్మా, అయినా ప్రెజెంటే!" అంది సమ్మమ్మ. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పట్టీ చివరిదాకా చదివింది. ఒక్కరూ ఆబ్సెంట్ లేరు. బడికి వెళ్లని సమ్మమ్మ నెట్‌తోనే ఇరవయ్యో భాగం పలకలోకి దిగింది.

ఇక ఆమె చదివింది. అబ్బ, ఏం చదివింది! లారీ మలుపు తిరిగితే గొంతు తిరిగింది, గేరు పడితే గొంతు దిగింది. మొదట కట్టయ్య మగ్గం ఆగింది. తరువాత సుగుణది. మూడోది, నాలుగోది. ఆ పిల్ల స్టీరింగ్ తిప్పి, రోడ్డు పక్క ఇసుక కుప్ప మీదికి లారీని ఎక్కించేసరికి షెడ్డులో ఒక్క మగ్గం చప్పుడు లేదు. లారీ ఆగింది. ఎవరో ఈల వేశారు. కట్టయ్య, "సాబాష్ బిడ్డా!" అని తొడ చరిచాడు. ఆ శభాష్ లారీ పిల్లకో టీచరమ్మకో చెప్పడం కష్టం.

చాయ్ వచ్చాక, షెడ్డు బయట అరుగు మీద తల్లీ కొడుకులు కూర్చున్నారు. శాంసన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. దూది పడిందన్నాడు.

"అమ్మా, నువ్వన్నది నిజమే. నిన్ను ఇంట్ల ఉంచాల్నని మనసుల పెట్టుకొనే వైఫైదన్న. భయమైందే. ఆ రోజు ఆ గుడ్డ తీసినప్పటి సంది నాకు..." చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు.

సువార్తమ్మ కొడుకు తల తన భుజానికి ఆనించుకుంది. నలభై ఏళ్లవాడి తల బరువుగానే ఉంది.

"తప్పు నాది బిడ్డా. పరకాల చూడబోలేదు నేను. బోర్డు కానరాలేదు. అడగనీకె సిగ్గయింది. కండక్టర్ అడిగితే సుత తప్పెక్కినని చెప్పలేకపోయిన. ఒక్క మాట అడిగి ఉంటే నువ్వు ఆ గుడ్డ తీసుడు ఉండకపోతుండె." ఆమె కొడుకు తల నిమిరింది. "నన్ను మాఫ్ చెయ్యి కొడుకా."

"గట్లనకమ్మా," అన్నాడు శాంసన్. ఇద్దరూ ఏడ్చారు, చాయ్ చల్లారింది. సమ్మమ్మ తొంగి చూసి, వేరే చాయ్ పెట్టిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే శాంసన్ ఫోన్ తీశాడు. "షారోన్, పంచాయితీ తెగింది. ఆడ నెట్ అవసరం పడ్డది. సిమ్‌దే ఆర్డర్ పెడ్తాన."

"ఆగు," అంది సువార్తమ్మ. "సిమ్ లేనిదే పెట్టు."

"అదేంది! నిన్న దాని కోసమే కద ఉప్మా సుత తినలే?"

"నిన్న నాకు ఎవ్వరినీ అడగకుండ బతకాలని ఉండె. ఆ పలకల నెట్ ఎందుకురా? నెట్ నేను పోయేకాడ పదమూడు మంది దగ్గర ఉన్నది. సిమ్ ఏస్తే ఇగ నేను వాళ్లను అడగ. అడగకపోతే ఆ హాజరు ఎట్ల పిలవాలె?" ఆమె నవ్వింది. "బ్యాటరీ సుత బాగొస్తదంటివి కద."

షారోన్ వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద గిన్నె పెట్టి మళ్లీ ఉప్మా చేసింది. ఈసారి ఎవరూ ప్లేటు జరపలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కేకు కోశారు. మంగళవారం పలక వచ్చింది. బుధవారం పొద్దున నాలుగో కూత పడకముందే సువార్తమ్మ ఆమేన్ అనేసింది. మధ్యాహ్నం, బస్సుకు తనే ఒప్పుకున్న శాంసన్ డ్యూటీ మధ్యలో గంట పర్మిషన్ పెట్టి హన్మకొండ బస్టాండుకు వచ్చాడు. బండి మీద దింపుతానని రాలేదు. ఊరికే, దూరంగా నిలబడి చూద్దామని వచ్చాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టే నడిచింది.

బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. బోర్డులన్నీ మసక. సువార్తమ్మ సంచీ భుజాన సర్దుకుని, పక్కన నిలబడ్డ కాలేజీ అమ్మాయి వైపు తిరిగింది. బస్టాండంతా వినిపించే బడి గొంతుతో అడిగింది.

"బిడ్డా, నాకు కండ్లు కనిపిస్తలేవు. కాశిబుగ్గకు పోయే బస్సు ఏది?"

"అగో అమ్మమ్మా, ఆ రెండోది. దా, ఎక్కిస్త," అంది ఆ పిల్ల చేయి పట్టుకుని.

బస్సు కదిలింది. జనంలోంచి కండక్టర్ తోసుకుంటూ వచ్చాడు.

"ఎక్కడికమ్మా?"

సువార్తమ్మ ఒళ్లో పలకను సర్దుకుంది. అందులో ఇరవై ఒకటో భాగం ఉంది. ఈసారి షారోన్ చేత రెండుసార్లు సరిచూయించింది.

"కాశిబుగ్గ," అంది, పరకాల అన్న రోజు కన్నా గట్టిగా. "వచ్చినప్పుడు జర చెప్పు బిడ్డా. మర్చిపోకు, ఆడ నా కోసం పదమూడు మంది ఎదురుచూస్తాండ్రు."